చెయ్యి మెత్తగ పెట్టు

షువైఖ్‌ల మా గ్యారేజి ముందట
రెండున్నర నెలల నుంచి
కండ్లు తీసేసిన మొఖం లెక్క నిలబడ్డది ఆ వ్యాను.
కింద నీలం, పైన మీగడ రంగు,
బానెట్టు లేని బోడి మూతి.
డెబ్బై నాలుగుల కొన్నడట బూ మిశారి.
ఇప్పుడు ఆయనకు మోకాళ్ళు వంగవు,
వ్యానుకు బ్రేకులు సరిగ్గ పడవు,
ఇద్దరూ శుక్రవారం పూట
సముద్రం దాక పోయి వస్తరు.

మొదటి అద్దం నా చేతులనే పోయింది.
బ్రెజిల్ నుంచి కట్టెపెట్టెల వచ్చింది,
గడ్డి నడుమ మామిడిపండు తీర్గ.
కింది మూలకాడ తాడు కొంచెం తొందరగ గుంజిన.
టక్కుమని ఒక్కటే చప్పుడు.
వర్గీస్ ఆఫీసుల నుంచి ఉరికొచ్చి
క్యా హువా అంటే
నా నోట్లకెళ్ళి తెలుగే వచ్చింది:
'పెరిగింది.'

మా అమ్మ గాజులమ్మేది,
మెట్‌పల్లి చుట్టు పన్నెండు ఊర్లు, నెత్తి మీద గంప.
గాజు పగిలిందంటే మూతి మీద ఒక్కటిచ్చేది.
పెరిగింది అనాలె, కొడుకా.
ఆ మాట హిందీల ఎట్ల చెప్తరో
నాకు ఇప్పటికీ తెల్వదు.
భూమన్న చెప్పిండు: టూట్ గయా.
నూట అరవై దినార్లు.
నెలకు ఇరవై కోత.

ఇయ్యాల రెండో అద్దం.

ఆగస్టు. ఎండ పొద్దంత బయట పని బందు.
కొత్త రబ్బరును రేకుల మీద ఆరేసినం,
ఎండే దాన్ని ఉడకవెట్టింది,
సాయంత్రానికి అది అటుకుల ముద్దోలె వంగింది.
పాత గాడి గీకుతుంటే ఇసుక రాలింది,
కొంత ఎర్రగ, కొంత బూడిదరంగుల.
బూ మిశారి వేలికి అద్దుకొని
ఇది వఫ్రా, ఇది సాల్మీ అన్నడు.
నిజమో, ఉత్తగనే అన్నడో.
ఇసుకతోటి ఒక తలపిన్ను వచ్చింది, తుప్పువట్టి.
దాని గురించి ఏమనలేదు.
జేబుల వేసుకున్నడు.

అద్దం చుట్టు రబ్బరు తొడిగి
రబ్బరు గాడిల తాడు పరిచి
రెండు కొసలు లోపలికి వదిలినం.
గిన్నెలు తోమే సబ్బునీళ్ళు, బకెటెడు.
లోపల నేను, బయట భూమన్న,
నడుమ అద్దం.
ఆయన మాట నాకు సగమే వినవడుతది,
మిగిలిన సగం పెదవులు చూసి అల్లుకుంటున్న.

చేతులు వణికినయ్.
గాజులు వేసేటప్పుడు అమ్మ
సబ్బు రుద్ది, బొటనవేలి బుడుపు కాడ ఒత్తుకుంట
వేరే ముచ్చట తీసేది.
బర్రె ఈనిందా? మీ ఆడబిడ్డ అలిగి పోయిందటగద?
ఆమె జవాబు చెప్తుంటే
చెయ్యి తనను తాను మర్చిపోయేది.
గాజు జారేది.
చెయ్యి మెత్తగ పెట్టు, అనేది,
నువ్వు బిగవడితే అది ఇంకింత బిగవడుతది.

'భూమన్నా, వానలు పడ్డయా మీ దిక్కు?'
అద్దం అవతల నుంచి అరిచిండు,
'ఏందీ?'
'వానలు! వానలు!'
'పసుపు పెట్టినమే, రెండెకరాలు!'
అరచేతితోటి ఒత్తుకుంట వస్తున్నడు,
నేను తాడు గుంజుకుంట పోతున్న,
రబ్బరు పెదవి అంచు దాటి లోపలికి మడుస్తున్నది
జానెడు, ఇంకో జానెడు.
పసుపుకు రేటెంత? అన్న.
వాళ్ళ తమ్ముని కేసు ఏమైంది? అన్న.
బోరు ఎన్ని ఫీట్లల్ల పడ్డది? అన్న.
ఆఖరి మూల వచ్చింది.
నేను అడగవలసిన ముచ్చట్లు అయిపోయినయ్.
తాడు కొస నా చేతుల ఉన్నది.

చప్పుడు లేదు.

భూమన్న నోరు కదులుతున్నది అవతల,
ఇంక బోరు గురించే చెప్తున్నడు.

బూ మిశారి ఎక్కి కూసున్నడు.
వైపర్లు వేసిండు, సబ్బు నురుగు అటు ఇటు పోయింది,
భూమన్న అరచేతి ముద్రలు కూడ పోయినయ్.
ఆయన చాలసేపు బయటికి చూసిండు.
ఎదురుగ ఉన్నది టైర్ల దుకాణమే.

నేను దిగి తాడు విప్పుకున్న.
గుంజేటప్పుడు మణికట్టుకు చుట్టుకున్న గదా,
ఎర్రటి గీతలు, వరుసగ.
భూమన్న చూసి నవ్విండు:
'ఎన్ని డజన్లు ఏసుకున్నవే? ఎంత పడ్డది?'
'నూట అరవై దినార్లు' అన్న.